చెవి మేస్త్రి

తాళం తిప్పగానే బైకు పెట్రోలు ట్యాంకులోంచి కీచుమని మోత మొదలైంది.

"లోపలి పెట్రోలు పంపు రెండు క్షణాలు సన్నగా మూలిగి ఆగాలి బాబూ. ఇది ఆగకుండా ఏడుస్తోంది," అన్నాడు మేస్త్రి.

ఆ ముసలాయన వీధిలో మెకానిక్ షాపు పెట్టి ఆరు నెలలే అయింది. స్క్రూడ్రైవర్ మొన బండికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేవాడు. అందుకే అందరూ చెవి మేస్త్రి అనేవారు. అంతకు మించి ఆయన గురించి ఎవరూ అడగలేదు.

ఎదురుగా నిలబడ్డ కుర్రాడిదే ఆ బండి. బ్లడ్ బ్యాంకు నుంచి ఆసుపత్రులకు రక్తం సంచులు చేరవేయడం అతని ఉద్యోగం. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే ఇంటికే పొమ్మని మేనేజరు ముఖం మీదే చెప్పేశాడు.

మేస్త్రి ట్యాంకు నిండా పెట్రోలు పోయించి చూశాడు. మోత తగ్గలేదు. పంపు బయటికి తీసి, పెట్రోలు వడకట్టే జల్లెడ చూశాడు. శుభ్రంగానే ఉంది.

"లోపల మోటారే అరిగిపోయింది. కొత్త పంపు వేయాల్సిందే."

"మా బావది స్పేర్ పార్టుల షాపే మేస్త్రిగారూ! ఇప్పుడే తెస్తా."

బావంటే అక్క మొగుడు. నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కయినవాడు. బావ మాట అతనికి వేదవాక్కు.

ఆ బావ కొత్త పంపుతో పాటు మార్కరు పెన్ను కూడా చేతిలో పెట్టాడు.

"దీని మీద గుర్తు పెట్టుకోరా. ఈ మెకానిక్కులు కళ్ళముందే మాయ చేస్తారు."

అతను పంపు అడుగున సంతకం గీసి మేస్త్రికిచ్చాడు. ఆ పూటకి సెలవు చెప్పి రావడానికి ఆఫీసుకి వెళ్ళాడు.

సాయంత్రానికి బండి సిద్ధం. తాళం తిప్పితే సన్నటి మూలుగు, అంతే. నెల రోజులు ఎండలో తిరిగినా ఒక్కసారి మొరాయించలేదు.

ఒకరోజు చక్రానికి గాలి కొట్టించుకుందామని ఆగాడు. మేస్త్రి తన సొంత బండి విప్పి కూర్చున్నాడు. అదీ అతని బండిలాంటిదే. మేస్త్రి ఒళ్ళో పంపు, దాని అడుగున నల్లటి సంతకం.

అతను ఆ సంతకం వైపు వేలు చూపించాడు.

"ఇది నాది!"

మేస్త్రి చప్పున అరచేత్తో సంతకం మూసేశాడు. అది చూశాక అతనికి ఒళ్ళు మండిపోయింది.

"నా కొత్తది నువ్వు పెట్టుకుని, నాకేదో పాత డొక్కు తగిలించావా? నిన్ను నమ్మి బండి వదిలి వెళ్ళాను కదయ్యా!"

"మీ బండి బాగానే నడుస్తోంది కదా బాబూ..."

"మాట మార్చకు!"

నెల రోజులుగా మేస్త్రిగారూ అని నోరారా పిలిచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోను చేస్తే బావ పరుగున వచ్చాడు. వీధంతా పోగైంది.

"నేను ముందే చెప్పలేదట్రా?" అంటూ బావ మేస్త్రి చొక్కా పట్టుకున్నాడు. "దొంగా! నోరు తెరిచావంటే పోలీసుల్ని పిలుస్తా."

మేస్త్రి బావ వంక చూశాడు. తర్వాత అతని వంక చూశాడు.

"నా పంపు నాకు బిగించు," అన్నాడతను.

"వద్దు బాబూ. మీది రక్తం మోసే బండి. ఉన్నదాన్ని ఉండనివ్వండి. నన్ను దొంగనే అనుకోండి, పర్లేదు."

"బిగిస్తావా, లేదా?"

మేస్త్రి బిగించాడు.

"దీంతో దూరం మాత్రం వెళ్ళకండి."

"బెదిరిస్తున్నావా?"

ఆ మర్నాటి నుంచి మేస్త్రి షాపు ముందు ఒక్క బండీ ఆగలేదు. అతనే పనిగట్టుకుని కనిపించినవాళ్ళకల్లా చెప్పాడు. మోసపోయినవాడి నోరు ఊరుకుంటుందా? పదో రోజుకి షట్టరు దిగింది.

అప్పటిదాకా దగ్గరి ఆసుపత్రులకే తిరిగినవాణ్ణి పన్నెండో రోజు ఊరవతల ఆసుపత్రికి పంపారు. మండుటెండలో సగం దారికి బండి ఆగిపోయింది. వెనక పెట్టెలో రెండు సంచుల రక్తం ఉంది. వచ్చే పోయే వ్యానుని బతిమాలుకుని చేరేసరికి గంట ఆలస్యమైంది. ఆపరేషన్ వాయిదా పడింది. అతని ఉద్యోగం వాయిదా పడలేదు, పోయింది.

షోరూంలో మెకానిక్ పంపు తీసి చూసి పెదవి విరిచాడు.

"నకిలీ సరుకండీ. చల్లగా ఉన్నంతసేపు నడుస్తుంది, బాగా వేడెక్కితే ఆగిపోతుంది. ఎవడు అంటగట్టాడు మీకు?"

అతను పంపు అందుకుని తిప్పి చూశాడు. పంపు మీద తన సంతకమే ఉంది. అది బావ ఇచ్చిందే.

నేరుగా మేస్త్రి షాపుకి వెళ్ళాడు. షట్టరుకి తాళం. పక్కషాపు టైలరు మిషను ఆపి తలెత్తాడు.

"ఎక్కడికెళ్ళాడో నాకు చెప్పలేదు. ఇంకా తిట్టడం మిగిలిందా మీకు?"

"నకిలీదని నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"బిగించి నడిపి చూసిన రోజే కనిపెట్టి మీ బావకి చెప్పాడు. మార్చివ్వమని రెండుసార్లు ఆయన షాపుకి వెళ్ళాడు. మీ బావ గెంటేశాడు. మీకు చెప్పమని నేనూ పోరాను. అక్కాతమ్ముళ్ళ మధ్య చిచ్చు పెట్టలేను, ఆ అమ్మాయి కాపురం ఉంది కదా అన్నాడు."

అంటే బావకి అంతా తెలుసు. తెలిసే ఆ ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచి నమ్మిన మనిషి, నలుగురిలో తనని పక్కన పెట్టుకుని నాటకమాడాడు.

అతను టైలరు వైపు తిరిగాడు.

"మరి నా బండికి ముందు వేసిన ఆ పాత పంపు ఎక్కడిది?"

టైలరు కత్తెర కింద పెట్టాడు.

"ఆయన బండిలోదే. రక్తం దారిలో ఆగిపోకూడదని తన మంచి పంపు తీసి మీకు బిగించి, మీ నకిలీది తను పెట్టుకుని, ఆ నెలంతా ఎండలో బండి నెట్టుకుంటూ ఇంటికి వెళ్ళాడు."