మిస్ పెర్ల్ కార్డు నంబర్

ఇరవై పాత కంప్యూటర్లు, ఇరవై కుర్చీలు, నానక్‌రామ్‌గూడలో కిరాయికి తీసుకున్న ఒక హాలు. మొదట్లో వీరేశం చేతిలో ఉన్నది అంతే. ఇప్పుడు కుర్చీలన్నీ నిండాయి. పన్నెండో కుర్చీలోంచి శ్రీలత చెయ్యెత్తింది.

“అన్నా, మళ్ల ఆమెనే.”

“ఎవరు?”

“మిస్ పెర్ల్. నలభై ఒకటోసారి అడుగుతుంది. మొగనికి డయాలసిస్ చెయ్యాల్నంటే దవాఖానోళ్లు డిజిటల్ కార్డు నంబర్ కావాలంటున్నరంట. అది ఇంక రాలేదంట.”

“ఏం రాసినవ్?”

“ఏం రాస్త? మనకిచ్చిన ముక్కనే. ‘నేను మీ డిజిటల్ సహాయకుణ్ని. మీ అభ్యర్థన నమోదైంది.’ రాసుడుకు నాకే సిగ్గైతుంది.”

“అడగనియ్ చెల్లె. జవాబుకింత అని ఇస్తున్నరు. ఆమె అడిగినకొద్దీ మనకే మంచిది.”

కరీబియన్ సముద్రంలో అదొక చిన్న దీవి. జనాభా లక్ష దాటదు. పెళ్లయిన ఆడవాళ్లనూ అక్కడ మిస్ అనే పిలుస్తారు. జనం ఏది అడిగినా కంప్యూటరే జవాబు చెబుతుందని మాదాపూర్ కంపెనీ ఒకటి అక్కడి ప్రభుత్వానికి డెబ్బై కోట్లకు యాప్ అమ్మింది. మంత్రి రిబ్బన్ కత్తిరించాడు. కుర్రకారు సెల్ఫీలు దిగింది. దీవి మొత్తం డిజిటల్ అయిపోయిందని వీడియో కూడా వచ్చింది. జవాబు చెప్పే కంప్యూటర్ మాత్రం ఇంకా తయారు కాలేదు. అందాకా వీరేశం కూర్చోబెట్టిన ఇరవై మంది కంప్యూటర్‌లా టైపు చెయ్యాలి. మనుషులమని తెలియనివ్వకూడదు. ఇచ్చిన వాక్యం దాటితే కాంట్రాక్టు రద్దు.

వీరేశానికి మొదట ఇందులో తప్పేమీ కనిపించలేదు. పాత కంప్యూటర్ మీద కొత్త స్టిక్కర్ వేసి అమ్మిన మనిషి అతను. పైగా ఈ చుట్టుపక్కల విదేశీ పని అంటే రాత్రి డ్యూటీ. అతనికి దొరికింది పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా. క్యాబుల ఖర్చు లేదు. బేరం తనదే అనుకున్నాడు.

“ఇప్పుడు వాళ్లకు అర్ధరాత్రి దాటింది,” అంది శ్రీలత. “మొగని పక్కన ఫోన్ పట్టుకొని కూసున్నట్టుంది. నిద్ర గిట్ల పోతదో లేదో.”

“ఆమె ఇంగ్లీషు నీకు సమజైతదా?”

“మంచిగ. మన లెక్కనే రాస్తది.”

మన లెక్కనే. ఆ మాట వీరేశాన్ని వదల్లేదు. మర్నాటి నుంచి పన్నెండో కుర్చీ వెనక నిలబడి చదివించుకోవడం మొదలుపెట్టాడు. ఆమె భర్త క్లైవ్ కాళ్లు వాచాయి. క్లైవ్ అన్నం ముట్టడం లేదు. సోమవారంలోగా నంబర్ రాకపోతే క్లైవ్ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

శుక్రవారం మాదాపూర్ వెళ్లాడు. తొమ్మిదో అంతస్తులో, అద్దాల గదిలో, ప్రాజెక్టు మేనేజర్ కృష్ణప్రియ కాఫీ తెప్పించింది.

“మేడం, ఒక్క నంబర్. అక్కడి ఆఫీసుకు మీరొక మెయిల్ కొడితే అయిపోతది.”

“మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు వీరేశం గారూ.”

“మనిషి సస్తుండు మేడం.”

“అలాంటి కేసులు ఉండాలండీ. జనం ఏడ్చి మరీ అడుగుతుంటేనే యాప్ వాడుతున్నారని అక్కడివాళ్లకి నమ్మకం. రోజుకి మూడు వేల ప్రశ్నలు చూపిస్తే రెండో విడత నిధులొస్తాయి. మంగళవారం రివ్యూ. మీ కాంట్రాక్టు పొడిగించేదీ అప్పుడే. పాడు చేసుకోకండి.”

వీరేశం కాఫీ ముట్టలేదు. కిందికి దిగుతుంటే నోరంతా చేదుగా ఉంది. లాబీ నేల తళతళ మెరుస్తోంది. రోడ్డు మీదికొచ్చి మెట్రో స్తంభం పక్కన ఉమ్మేశాడు. స్టిక్కర్ వేసి అమ్మినప్పుడు కనీసం లోపల ఒక కంప్యూటర్ ఉండేది.

శనివారం సాయంత్రం పావు తక్కువ ఆరు.

“రాయి శ్రీలతా. మేం కంప్యూటర్ కాదు, మనుషులం. హైదరాబాద్‌ల ఉంటం. నీ ఫోన్ నంబర్ పంపమ్మా, దవాఖానోళ్లతోని మేమే మాట్లాడతం.”

“అన్నా, కాంట్రాక్ట్ పోతది.”

“ఇరవై కంప్యూటర్లతోని వచ్చిన. ఇరవై కంప్యూటర్లతోనే పోత. రాయి.”

ఆమె రాసింది. మిగతా పంతొమ్మిది మంది కుర్చీలు తిప్పి చూశారు. అటువైపు టైపు చేస్తున్నట్టు తెర మీద మూడు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి. ఆరు గంటలకు పూర్తిగా ఆగిపోయాయి.

ఆదివారం ఎప్పుడూ ప్రశ్నలుండవు, ఆ దీవివాళ్లు చర్చికి పోతారు. సోమవారం బోనాల సెలవు. అయినా వీరేశం, శ్రీలత ఇద్దరూ వచ్చారు. శ్రీలత నుదుట పసుపు ఇంకా ఆరలేదు. పది దాటింది, పన్నెండు దాటింది. మిస్ పెర్ల్ లేదు. ఆమే కాదు, ఎవరూ లేరు. ఇరవై తెరలూ ఖాళీ.

“ముసలాయన పోయిండేమో అన్నా.” శ్రీలత కళ్లు తుడుచుకుంది.

“ఒక్కడు పోతే దీవంత నోరు మూసుకుంటదా? మనల్ని పీకేసిండ్రు.”

అతను ఫోన్ స్పీకర్‌లో పెట్టి కృష్ణప్రియకు చేశాడు.

“మేడం, మమ్మల్ని బంద్ చేసిండ్రా?”

“అదేంటండీ, ఎందుకు చేస్తాం?”

“పొద్దుగాల నుంచి ఒక్క ప్రశ్న రాలే. సర్వర్ పోయిందా?”

“సర్వర్ బాగానే ఉంది. ఈ రోజు బోనాల సెలవు కదా.”

“సెలవు మాకు మేడం. దీవిల బోనాలేంది?”

అవతల ఆమె నవ్వింది. “అయ్యో, మీకెవరూ చెప్పలేదా? బాలానగర్ హాల్లోవాళ్లకి కూడా సెలవిచ్చాం.”

“బాలానగర్‌ల ఎవరు మేడం?”

“ప్రశ్నలు అడిగేవాళ్లండీ.”