ఎస్తేరు కోడి

ఎయిర్‌పోర్టు నుంచి బయటికొచ్చిన కూతురి ముఖంలో రుక్మిణమ్మ ముందు చూసింది నుదురే. బొట్టు ఉంది. అప్పుడు గానీ ఏడవలేదు.

ఆరు నెలల కిందట శ్రీలత నర్సు ఉద్యోగానికి సెలవు పెట్టి, ఒక క్రైస్తవ సేవాసంస్థతో ఆఫ్రికాలోని మలావీ పల్లెలకు బయల్దేరినప్పుడు తల్లి రెండు పూటలు అన్నం ముట్టలేదు. "సేవ జేస్తే జెయ్యి. పోయి పోయి చర్చోళ్లతోనా?"

కారెక్కగానే మొదలుపెట్టింది.

"మతం గిట్ల మార్చుకొమ్మన్నరా?"

"లేదమ్మా."

"శనివారం నీసు గిట్ల తినబెట్టిండ్రా?"

శ్రీలత కిటికీ వైపు తిరిగింది. "ఎస్తేరని ఒకామె పెట్టబోయింది. మొగుడు లేడు. ముగ్గురు పిల్లలు. చిన్నదానికి జ్వరమొస్తే నేనే మందులిచ్చిన. బాగైందని, ఇంట్ల ఉన్న ఒక్క కోడిని కోసింది."

"తిన్నవా?"

"ఒక్కపొద్దు ఉన్న, మా దేవుని రోజు అని చెప్పిన."

రుక్మిణమ్మ ముందుకు వంగి డ్రైవర్ భుజం తట్టింది. "ఇన్నవా బిడ్డా? దేశం గాని దేశంల గూడ వెంకన్న వారం ఇడువలే నా బిడ్డ."

ఇల్లు శంషాబాద్ పక్కనే, సాతంరాయిలో. ఆ రోజు శనివారమే కనుక ఇంట్లో పప్పు, చారు. అవి తినడం పూర్తయ్యేలోగా సంగతి వీధిలో కోళ్లకు తప్ప అందరికీ తెలిసింది.

"మా కోడలు శంషాబాద్ పోయొస్తేనే వారం మర్చిపోతది" అంది పక్కింటి జంగమ్మ, కోడలికి వినపడేంత గొంతుతో.

"ఊరంత చెప్పకమ్మా" అంది శ్రీలత.

"దిష్టి తగుల్తదనా? మాపటికి తీస్త తియ్యి."

శ్రీలత మంచం మీద వాలింది. కళ్లు మూస్తే ఎస్తేరు వాకిలి. పిల్లలు ముగ్గురూ ఉతికిన బట్టల్లో ఉన్నారు. పెద్దవాడు ప్రార్థన పాట ఇంకా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. పశువులు దిగే మడుగు నీళ్లే ఆ ఇంట తాగడానికీ, వండడానికీ. గిన్నె చుట్టూ ఈగలు. ఎస్తేరు రెండు చేతులా గిన్నె అందించింది. ఒక్కపొద్దు మాట వినగానే దాన్ని వెనక్కి తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుంది.

"తెలియక చేశాను. నన్ను క్షమించమని మీ దేవుడికి చెప్పండి" అంది.

ఆదివారం పొద్దున కోళ్లకూ తెలిసింది. రుక్మిణమ్మ తన పెట్టల్లో బలిసినదాన్ని ఏరి కోయించింది. మధ్యాహ్నం కూతురి కంచంలో కాలు ముక్క వేసి, ఎదురుగా కూర్చుంది.

శ్రీలత చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"అమ్మా, ఎస్తేరుకు నేను చేసింది తప్పే."

"ఏం తప్పు? ఆమె దేవుడు ఆమెకు, మన దేవుడు మనకు. ఆ తల్లి గూడ జర ఒక్కరోజు ఆగి కోస్తే కడుపు నిండ తినేదానివి గద." రుక్మిణమ్మ ఇంకో ముక్క వేసింది. "తిను బిడ్డా. ఇయ్యాల ఆదివారమే."

ఎస్తేరు కోడిని కోసిన రోజూ ఆదివారమే.