రెండొంతులు వైను, ఒకవంతు రమ్ము

ముందే ఒప్పేసుకుంటున్నా. జోకుల సారు జోకులకి నేనూ నవ్వాను. మీకూ నవ్వొస్తే తర్వాత నన్ను తిట్టుకోకండి.

ఆఫీసులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. అక్కడ వేసే జోకులు వేరు, రెండు గ్లాసులు పడ్డాక ఇంట్లో వేసేవి వేరు. ఇంట్లోవన్నీ పెళ్ళాం మీదే. పోయిన నెలలో ఒకటి మాత్రం ఆమె నాన్న మీద పడింది.

ఆమె నాన్న, జోకుల సారు ఆఫీసు ఉన్న బిల్డింగులోనే లిఫ్ట్ ఆపరేటరు. ఇరవై ఆరేళ్ళు ఒకే స్టూలు మీద కూర్చుని జనాన్ని పైకీ కిందకీ మోశాడు. నిరుడు గుండెపోటుతో పోయాడు.

ఆ జోకు విన్న మర్నాడు ఆమె బట్టలు సర్దేసుకుంది.

జోకుల సారుకి చెమటలు పట్టేశాయి. తన మేజోళ్ళు ఎక్కడుంటాయో కూడా తెలియని మనిషి. పైగా ఆమె అంటే ప్రాణం. కనీసం పొద్దున పూట.

"అన్నది నేను కాదు, మందు," అన్నాడు ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడి. "అది లోపల పడితే నేను నేను కాను."

"అయితే మానెయ్."

"ఒక్కసారిగా ఎలా మానేస్తాం? వారానికి ఒక్క రోజు. అదీ ఇంట్లోనే. అదీ నువ్వు కలిపిస్తేనే. ఎంత పోస్తే అంతే తాగుతా."

ఆమె సూట్‌కేసు మూత వెయ్యబోయి ఆగింది.

"మళ్ళీ మా నాన్న మాటెత్తితే?"

"ఎత్తను."

"ఎత్తితే మాత్రం వెళ్ళిపోతా. సరే, కలపడం నేర్పు."

నేర్పాడు. "రెండొంతులు వైను, ఒకవంతు రమ్ము. నారింజ పిండు. చక్కెర పాకం ఒక చెంచా. దాల్చినచెక్క ముక్క వేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. సోడా ఆఖర్న. ముందే పోశావంటే చప్పబడి చస్తుంది." ఇంత ఓపిగ్గా ఆయన ఆమెకి ఏదీ నేర్పలేదు. కారు నడపడం నేర్పమంటే రెండో రోజుకే దండం పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె అక్కా బావా భోజనానికొచ్చారు. వంటింట్లోంచి జగ్గు వచ్చింది. ముదురెరుపు. పైన నారింజ చక్రాలు తేలుతున్నాయి.

జోకుల సారు ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, నాలుక చప్పరించాడు.

"అబ్బ! గొంతు దిగుతుంటేనే తెలుస్తోంది. రమ్ము కొంచెం ఎక్కువ పడింది కదూ?"

"పడిందేమో," అందామె.

బావ కారు నడపాలని మంచినీళ్ళతో సరిపెట్టుకున్నాడు. అక్క మాత్రం ఒక గ్లాసు నింపుకుంది.

మొదటి గ్లాసుకి జోకుల సారు చెవులు ఎర్రబడ్డాయి. రెండో గ్లాసుకి చొక్కా పై గుండీ ఊడింది. మూడో గ్లాసుకి మాట ముద్దయింది.

"వదినా, నీకింకా ఎక్కలేదా?"

"నాకు ఎక్కదులే మరిదీ."

"నీకో నిజం చెప్పనా? నాకు ముందు నచ్చింది నువ్వే. ఏం లాభం, అప్పటికే నీకు పెళ్ళైపోయింది. ఆ ఫ్లోరు ఫుల్లు. సరేలే అని కింద ఫ్లోర్లో దిగా!"

బావ పొలమారి దగ్గాడు. ఆమె ఆయనకి మంచినీళ్ళ గ్లాసు అందించింది.

ఎవరూ ఆపలేదు కదా అని జోకుల సారు స్టూలు లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గోడ మీద లేని బటన్లు నొక్కాడు. నడుం వంచి, ముసలి గొంతు పెట్టి, "పైకా సార్? కిందికా సార్?" అన్నాడు. అచ్చం ఆ పెద్దాయనే. ఆ చేతి వణుకుతో సహా.

"ఇరవై ఆరేళ్ళు అందర్నీ పైకి పంపాడు పాపం. ఆఖరికి తనే పోయాడు. బటన్ కూడా ఎవరూ నొక్కలేదు!"

అక్క గ్లాసు కింద పెట్టి చెల్లెల్ని చూసింది. చెల్లెలు జగ్గుని చూసింది.

"జోకండీ బాబూ, జోకు! మూతులు ముడుచుకోడానికి ఇదేమన్నా సంతాప సభా?" అంటూ ఆయన తూలుతూ లేచాడు. గోడలు పట్టుకుని వెళ్ళి మంచం మీద అడ్డంగా పడిపోయాడు.

సాయంత్రం ఆరింటికి మెలకువ వచ్చింది. తల దిమ్ముగా ఉంది. హాల్లోకొస్తే ఆమె చెప్పులేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన సూట్‌కేసు. అక్కా బావా కింద కార్లో ఉన్నారట.

ఆయనకి మొత్తం గుర్తుంది. గుర్తులేని మొహం పెట్టాడు. ఆ మొహం పెట్టడం బాగా అలవాటు.

"నేనేమన్నా అన్నానా?"

"మా నాన్నని అన్నావు."

"ఛ! నేనా?" రెండు చేతులా తల పట్టుకున్నాడు. "చూశావా, మందు ఎంత పని చేస్తుందో! అసలు నువ్వే ఎక్కువ పోశావు. రమ్ము ఎక్కువైందని మొదటి గుక్కకే చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి? బంగారం, నువ్వే ఆలోచించు. ఒంట్లో మందు లేనప్పుడు నేనెప్పుడైనా నిన్ను పల్లెత్తు మాటన్నానా?" మళ్ళీ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. "మందు లేకుండా ఆ మాటన్న రోజున నువ్వు నిక్షేపంగా వెళ్ళిపో. నీ సామాను నేనే కిందకి మోస్తా. ఒట్టు."

"ఒట్టేనా?"

"నీ మీద ఒట్టు."

ఆమె లేచింది. సూట్‌కేసు పిడి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే మొయ్యి, మధ్యాహ్నం నేను కలిపింది ద్రాక్షరసం, టీ డికాక్షను, కేకుల్లో వేసే రమ్ము ఎసెన్సు, అంతే, ఆ జగ్గులో మందు ఒక్క చుక్క కూడా లేదు."