నోరా మాతృభాష

"ఇది ఐరిష్ కాదు డెక్లాన్," అన్నాడు కానర్, ముసలామె కుర్చీ ముందు నుంచి లేస్తూ.

డెక్లాన్ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "సరిగ్గా విన్నావా?"

"మూడుసార్లు విన్నాను. నేను ఐరిష్‌లో పలకరిస్తే ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె అనేది నాకూ అర్థం కాలేదు."

1995 మార్చి పదిహేడు, శుక్రవారం. ఐర్లండ్ వాళ్ళ పెద్ద పండుగ. ఖతార్ దేశంలోని అల్ ఖోర్‌లో గ్యాస్ కంపెనీ ఇంజనీరు డెక్లాన్ తన విల్లా హాలు నిండా పచ్చ రిబ్బన్లు కట్టించాడు. వచ్చినవాళ్ళంతా పచ్చ బట్టలే. అతను పుట్టి పెరిగింది ఇంగ్లండులో. ఐరిష్ రాదు. అయినా ఏ ఏడూ ఈ పండుగ మానలేదు.

ఈసారి హడావిడంతా ఎనభై అయిదేళ్ళ తల్లి నోరా కోసం. పది రోజుల కిందట జ్వరం వచ్చి తగ్గాక ఆమె ఇంగ్లీషు మరిచిపోయింది. ఇంకేదో భాషలో ఒకటే మాట అంటోంది. అమ్మ తన చిన్ననాటి ఐరిష్‌లోకి వెళ్ళిపోయిందని డెక్లాన్ అందరికీ చెప్పుకున్నాడు. మాట కలిపే మనిషి దొరికితే తిండి ముట్టుకుంటుందేమోనని, దోహాలో స్కూలు మాస్టారుగా ఉన్న కానర్‌ను పనిగట్టుకుని పిలిపించాడు.

నోరా మళ్ళీ అదే మాట అంది. చివర్లో గొంతు పైకి లేచింది. ఏదో అడుగుతోంది.

"అరబ్బీ ఏమో?" అంది డెక్లాన్ భార్య ఫియోనా.

"కాదు. అరబ్బీ నాకు వచ్చు," అన్నాడు కానర్. "ఆమె ఎక్కడ పుట్టింది?"

"ఐర్లండ్‌లోనే, కార్క్‌లో. అమ్మ వాళ్ళ నాన్న రైల్వే పని మీద ఇండియా అదీ ఇదీ అని దేశాలు తిరిగాడు గానీ, అమ్మ మాత్రం కార్క్ పిల్లే."

"అయితే ఇది భాషే కాకపోవచ్చు. మతి తప్పినప్పుడు నోటికొచ్చిన శబ్దాలు..."

"మా అమ్మకు మతి తప్పలేదు!" డెక్లాన్ ముఖం ఎర్రబడింది. "పది రోజులుగా అక్షరం పొల్లుపోకుండా అదే మాట. అర్థం లేనిదైతే అలా ఎలా అంటుంది?"

పాటలు ఆగిపోయాయి. ఫియోనా చెంచాతో ఉడికిన బంగాళాదుంప నోటి దగ్గర పెట్టింది. నోరా ముఖం తిప్పేసుకుంది. నాలుగు రోజులుగా ఇదే వరస. రేపటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనని డాక్టరు చెప్పాడు.

పక్క విల్లాలో పనిచేసే శివకుమారిని ఈ ఒక్క రోజు సాయానికి తెచ్చుకున్నారు. ఆమె ఎంగిలి పళ్ళేల కోసం హాల్లోకి వచ్చింది. నోరా మళ్ళీ అంది.

శివకుమారి ఆగిపోయింది. ఎవరు మాట్లాడారా అని చుట్టూ చూసింది. ఆ తెల్లటి ముఖాన్ని, నీలి కళ్ళను చూసింది. నోరా ఇంకోసారి అంది.

శివకుమారి పళ్ళేలు కింద పెట్టి, చేయి కడుక్కొచ్చి, కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చెవిలో ఏదో చెప్పింది. నోరా ముఖం చిన్నపిల్ల ముఖంలా విప్పారింది. శివకుమారి బంగాళాదుంపను వేళ్ళతో మెదిపి ముద్ద చేసి అందించింది. నోరా నోరు తెరిచింది. ఒకటి తిన్నది. రెండోదీ తిన్నది.



"నీకు అర్థమైందా? ఏమడిగింది?" అంటూ డెక్లాన్ దగ్గరికి వచ్చాడు.

శివకుమారి తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. "వాళ్ళమ్మ యాడ అని అడుగుతాండారు సార్. సంతకు పోయినాది, వస్తాది, అంతలోకి నువ్వు తిను అన్నాను."

"వాళ్ళమ్మ... మా అమ్మమ్మ బ్రిజిడ్. ఎప్పుడో చనిపోయింది," అన్నాడు డెక్లాన్.

శివకుమారి అయోమయంగా తల అడ్డంగా ఊపింది.

"బ్రిజిడ్ కాదు సార్. 'మా యమ్మ ఎల్లమ్మ యాడికి పోయినాది' అంటాండారు... మా తెలుగులో."