పద్దెనిమిదో టోపీ

"పదిహేడే!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, స్టాప్‌వాచీ మీంచి కళ్ళు తిప్పకుండా. "రిజిస్టర్లో పద్దెనిమిది మంది. ఇంకొకరేరమ్మా?"

డే కేర్ సెంటరు వెనక ఖాళీ స్థలంలో పిల్లలు తాడు పట్టుకుని వరసగా నిలబడ్డారు. అందరి నెత్తిమీదా పసుపు టోపీలే. ఫైర్ డ్రిల్ ఇది మూడోసారి. మొదటిసారి గంట మోగలేదు. రెండోసారి వెనక తలుపు తెరుచుకోలేదు. ఈసారీ తప్పితే సెంటరుకి తాళమే.

ఆయా ఒక్కో టోపీనీ తడుముతూ మళ్ళీ లెక్కపెట్టింది. పదిహేడే. పొద్దుట్నుంచీ నిలబడి ఉందేమో, కాళ్ళు పీకేస్తున్నాయి.

"లోపలికెళ్ళి చూసొస్తా సార్."

"గంట మోగాక ఎవరూ లోపలికి పోకూడదు. రూలు."

సెంటరు నడిపే మేడం మెట్టుమీద కూలబడింది. "ఈ రూళ్ళతో నేను వేగలేను బాబూ. కొడుకుని వెంట తెచ్చుకుందని మొన్న వంటమనిషిని మానిపించాల్సి వచ్చింది. ఇవాళ చూస్తే టీచరు సెలవు. గోరుచుట్టు మీద రోకటిపోటు!"

అంతలో స్టోర్‌రూం వైపు తలుపు తోసుకుని ఇంకో పసుపు టోపీ బయటికొచ్చింది. కనుబొమలు దాటి దిగిన ఆ టోపీని ఎగదోసుకుంటూ ఓ పిల్ల పరుగెత్తుకొచ్చి తాడు చివర పట్టుకుంది.

"హమ్మయ్య! ఎక్కడికెళ్ళావే బంగారూ?" మేడం ఆ పిల్లని గుండెకి హత్తుకుంది. పాపం, ఆవిడకి ఫైళ్ళు తెలిసినంతగా పిల్లల ముఖాలు తెలియవు.

"పద్దెనిమిది. నాలుగు నిమిషాల్లోపే. పాస్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆవలింత ఆపుకుంటూ. "ఇంకా మూడు చోట్లకి పోవాలి నేను. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

మేడం కళ్ళు తుడుచుకుంది. "ఇక నడుం వాల్చవే ఆయా. గట్టెక్కాం."

ఆయా కదల్లేదు. ఆ పిల్ల మెల్లిగా వచ్చి ఆమె వేలు పట్టుకుంది. నోరు మూసుకుంటే ఈ పూటకి అందరికీ విశ్రాంతే. ఆ విశ్రాంతి కోసం ఆమె ప్రాణం ఎంత కొట్టుకుపోతోందో ఆమెకే తెలుసు.

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు.

"సంతకం పెట్టకండి సార్," అంది ఆయా. "లోపల ఇంకొకరు ఉండిపోయారు. ఈ పిల్ల నా కూతురు."