వరుసలో లేని నీళ్లు

"ఈ నీళ్లు ఒక్కసారి చూసిపెట్టమ్మా."

పెద్దాయన మూత బిగించిన సీసా బల్లమీద పెట్టాడు.

ప్రొఫెసరమ్మ తలెత్తలేదు. నీళ్లలో, మట్టిలో ఏ లోహం ఎంతుందో చెప్పే యంత్రం కోసం ఎనిమిది శాఖలు కలిసి పెడుతున్న అర్జీ ఆమె ముందుంది. అప్పటికి రెండుసార్లు తిరిగొచ్చింది.

"మీ ఇంటివా, బాబాయ్‌గారూ?"

"కాదమ్మా."

"మరెవరివి?"

"తేలాక చెబుతా. తేలకుండా చెబితే వాళ్లకి ముద్ద దిగదు."

ఆవిడకి ఆలోచన తట్టింది. సీసాని ఫొటో తీసుకుంది. 'ఊరి జనం తాగే నీళ్లు కూడా పరీక్షిస్తాం' అని అర్జీలో ఒక వాక్యం చేర్చింది.

ఈసారి మంజూరైంది.

యంత్రం వచ్చిన రోజునుంచీ కొట్లాటే. నాది ముందంటే నాది ముందని. చివరికి ఆవిడే వరుస రాసి గోడకంటించింది. ఎనిమిది శాఖలు, ఎనిమిది గడులు.

పెద్దాయన రెండో సీసాతో వచ్చాడు.

"మీది ఏ శాఖండీ?" గుమాస్తా అడిగాడు.

"దాహం శాఖ బాబూ."

అందరూ నవ్వారు. ఆవిడ కూడా.

"గడి ఖాళీ అయితే చూస్తాను బాబాయ్‌గారూ. అలమరలో పెట్టి వెళ్లండి."

"దేవుడి దగ్గర కూడా ఇంత వరుస ఉండదేమోనమ్మా," అంటూ పెట్టి వెళ్లాడు.

ఆరో సీసా తర్వాత రావడం మానేశాడు.

ఆవిడకి మాత్రం ఆయన వస్తున్నట్టే ఉండేది. తలుపు కదిలితే ఉలిక్కిపడేది. అలమర వైపు చూడాలంటే ఎందుకో జంకు.

ఒక సోమవారం ఒక శాఖవాళ్లు రాలేదు. ఆవిడే సీసాలు దించింది.

అంకెలు తెరమీద పడ్డాయి.

సీసం. పసివాళ్ల మెదడుని తినేసే లోహం. ఉండదగినదానికి పదిరెట్లు.

మళ్లీ పెట్టింది. మళ్లీ అదే. ఆరు సీసాల్లోనూ.

సీసాలమీద తేదీలున్నాయి గానీ ఎక్కడివో రాసి లేదు. ఈ నీళ్లు ఎవరో ఈ పూట కూడా తాగుతున్నారు.

గేటు దగ్గరికి పరుగెత్తింది.

"సీసాలు తెచ్చే పెద్దాయన ఎక్కడుంటాడు?"

"పోయి నెలైందమ్మా," అన్నాడు వాచ్‌మన్. "నిద్రలోనే గుండె ఆగింది."

ఆవిడ గేటు ఊచ పట్టుకుంది.

"ఆ నీళ్లు ఎవరివో నీకేమైనా చెప్పాడా?"

వాచ్‌మన్ క్వార్టర్ల వైపు చూశాడు.

"మీరుండే క్వార్టర్ల ట్యాంకు కడిగేది ఆయనేనమ్మా. 'తేలేదాకా మేడమ్‌కి చెప్పకు, పసిపిల్లల తల్లి, బెంగపడుతుంది' అన్నాడు."