చూడాలి, చెప్పాలి, తాళం వేయాలి

"చూశాను సార్. చూసే తాళం వేశాను," అన్నాడు ఆపరేటరు మళ్ళీ.

"చూస్తే మరి నీ బావమరిది లోపలెలా ఉండిపోయాడయ్యా?" అన్నాడు ఇంజనీరు.

అణు విద్యుత్ కేంద్రంలో ఏ పని ఏ వరసలో చెయ్యాలో రాసిపెట్టే ఇంజనీరు అతను. పనివాళ్ళు చాటుగా 'రూల్సు పంతులు' అంటారు. పంపుల గది బయట గోడకి అంటించిన కాగితం అతని రాతే. తలుపు మూయాలి. తలుపు అద్దంలోంచి లోపలికి చూడాలి. 'లోపల ఎవరూ లేరు' అని గట్టిగా చెప్పాలి. తాళం వేయాలి. తాళం పడ్డాక రియాక్టరు నడుస్తుంది. అప్పుడా గదిలో మనిషి బతకడు. పోయిన వారం ఒకడు బతకలేదు.

ఇప్పుడు రియాక్టరు ఆగి ఉంది. తప్పు కాగితానిదా, మనిషిదా తేల్చమన్నారు పైవాళ్ళు.

"ఉద్యోగం పోతే పోనీండి సార్. మా ఆవిడ నన్ను చూస్తే గోడవైపు తిరిగి కూచుంటోంది. తమ్ముణ్ణి చూసి కూడా తాళం వేశాననుకుంటోంది. ఆ పైపు వెనక మూల అద్దంలోంచి కనపడదేమో, మీరే తేల్చండి."

ఇంజనీరు గోడమీది కాగితం వంక చూశాడు. మూల కనపడకపోతే చంపింది తన రాతే.

"సరే. ఆ రోజు చేసినట్టే చెయ్యి. నా వంక చూడకు."

ఆపరేటరు గోడవైపు తిరిగి, గొంతు సవరించుకుని, కాగితం పైకి చదవడం మొదలుపెట్టాడు. అదే అదనుగా ఇంజనీరు, ఆ మూలలో నిలబడితే కనపడతానో లేదో తేల్చుకుందామని, చప్పుడు కాకుండా గదిలోకి జారుకున్నాడు. వెనక తలుపు మూసుకుంది. మూలకి చేరేలోపే బూటు మీది తొడుగు ఊడింది. తలుపు దగ్గరే వంగి సర్దుకుని తలెత్తాడు.

అద్దం అవతల, జానెడు దూరంలో ఆపరేటరు మొహం. రెండు కళ్ళూ సూటిగా తన కళ్ళలోకే చూస్తున్నాయి.

దొరికిపోయానురా అనుకుని ఇంజనీరు నవ్వబోయాడు.

"లోపల ఎవరూ లేరు!"

తాళం పడింది. ఇంజనీరు రెండు చేతులతో అద్దాన్ని బాదాడు. అంత మందం అద్దం, చప్పుడు అవతలికి పోలేదు. బయటి మాటలు వినిపించే స్పీకరులోంచి ఆపరేటరు గొంతు మాత్రం తేటగా వస్తోంది.

"చూశారుగా సార్, చూసే వేశాను... సార్? ఎటు పోయారు సార్?"